ఊపిరి తెగిన చోటు

డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

"ఆయాసం ఎప్పటినుంచి?"

"ఈ నెల్లాళ్ల నించే వస్తన్నాది మేడమ్," అన్నారు మా ఆయన ఎజ్రా.

ఆవిడ నమ్మలేదు. "ఊపిరితిత్తులు ఎంత పాడయ్యాయో ఇందులో కనిపిస్తుంది. ఎప్పటినుంచి అన్నది కనిపించదు. క్రషర్లో రాళ్ల పని కాక ఇంకేం చేస్తారు?"

"మా చీపురుపల్లి సెర్చిలో పాటెత్తేది నానే."

"అయితే ఒక చరణం పాడండి."

"పాడితే కానుకేటి యేస్తారు?" అని నవ్వి, ఎత్తుకున్నారు. మూడో మాటకే ఊపిరి తెగింది. అందుకుని పాడారు. మళ్లీ తెగింది. డాక్టరమ్మ కళ్లు మూసుకుని, బల్ల మీద వేళ్లతో తాళం వేస్తూ చివరిదాకా వింది.

"ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలో మీ గొంతుకు బాగా తెలుసు. అది నెలలో వచ్చే అలవాటు కాదు."

"పాట ఇరిగితే ఇన్నాళ్లూ సంఘంలో ఒకలైనా సెప్పరేటి మేడమ్? ఒకలూ అనలేదు."

ఆవిడ ఎక్స్‌రేని కవరులో పెట్టేసింది. "రెండేళ్ల కిందట వచ్చి ఆ క్రషర్ పని మానేసుంటే ఇంకొన్నాళ్లు నిలబెట్టేదాన్ని. ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు."

ఆయన నావైపు తిరిగారు. "ఒసే గ్లోరీ, పక్కనే నిలబడి పాడతావు కదా. నువ్వైనా ఇనలేదేటి?"

విన్నాను. రెండు ఈస్టర్ల నుంచీ వింటూనే ఉన్నాను. సంఘం ముందు ఆయన చిన్నబోకూడదని, ఊపిరి తెగిన ప్రతిచోటా ఎవరికీ తెలియకుండా నేనే గొంతు పెంచి పాడాను.