ఆఖరి గడి

“అమ్మాయ్, దిండు ఇటు తిప్పు. గలీబు నోరు తలుపు వైపు ఉండకూడదు.”

తొమ్మిదో బెడ్ పెద్దావిడ ఆ మాట అనడం పందొమ్మిది రోజుల్లో ఇది పందొమ్మిదోసారి.

నర్సు దిండు తిప్పింది. ట్రైనింగులో తనకీ ఎవరో ఈ మాటే చెప్పారు. అది ఇరవై ఏళ్ళ కిందటి సంగతి. ఇప్పుడు గలీబు నోరు ఎటుంటే ఎవరిక్కావాలి!

అసలు ఆవేళ ఆమె మనసు వార్డులో లేదు. జేబులో మడతపెట్టిన కాగితం మీద ఉంది.

నర్సులు ఉద్యోగం మానకుండా చదువుకునే పార్ట్‌టైం పీజీకి దరఖాస్తు అది. వారానికి రెండు మధ్యాహ్నాలు క్లాసులు, మూడేళ్ళు. పూర్తయితే కాలేజీలో పాఠాలు చెప్పుకోవచ్చు. మనుషుల్ని ఎత్తీ దించీ ఆమె నడుం ఎప్పుడో చేతులెత్తేసింది. డాక్టరు బెల్టు ఇచ్చి, బరువులు ఎత్తొద్దన్నాడు. నర్సుని బరువులు ఎత్తొద్దనడమూ, చేపని తడవొద్దనడమూ ఒకటే.

నలభై అయిదు నిండితే సీటివ్వరు. ఆమెకి వచ్చే నెలలో నిండుతాయి. దరఖాస్తుకి ఆఖరు తేదీ ఇవాళే, సాయంత్రం అయిదింటి దాకా.

అన్ని గడులూ నింపింది, ఆఖరిది తప్ప. ఆమె పనిని కనీసం పదిహేను రోజులు కళ్ళారా చూసిన నర్సు, అదీ పీజీ చదివిన నర్సు, అక్కడ సంతకం పెట్టాలి.

వారం రోజులు కాళ్ళరిగేలా తిరిగింది. మేట్రన్ అయితే నవ్వేసింది.

“పీజీ చేసినవాళ్ళు కాలేజీల్లో పాఠాలు చెప్పుకుంటారే! వార్డుకొచ్చి నువ్వు బెడ్‌పాన్ పెట్టడం చూస్తూ కూచుంటారా? ఎవడు పెట్టాడో గానీ ఆ రూలు, వాడి మొహం మండ!”

కాలేజీకి వెళితే అక్కడి మేడం, “మీ పని నేను చూళ్ళేదు కదమ్మా,” అని మర్యాదగా తలుపు దాకా వచ్చి సాగనంపింది.

“ఆ కాగితం ఏంటమ్మాయ్?” పెద్దావిడ అడిగింది. “పొద్దుట్నుంచీ నాలుగుసార్లు తీసి చూశావు.”

“ఏం లేదు పెద్దమ్మా, నా తలరాత.”

“ఇటివ్వు, చూస్తాను.”

“చదువు సంగతి లెండి. మీకేం అర్థమవుతుంది?”

పెద్దావిడ మాస్కు పక్కకి లాగింది. “నేను కూడా…”

“మాస్కు తియ్యకండి! ఆక్సిజన్ ఎలా పడిపోతోందో చూశారా? మాట్లాడొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను.”

నర్సు మాస్కు బిగించింది. పెద్దావిడ గాల్లో వేలితో రాసి చూపించింది.

“పెన్నా? సాయంత్రం మీ చెల్లెలుగారొస్తారుగా, అడగండి. నాకింకా పద్నాలుగు బెడ్‌లున్నాయి తల్లీ!”

పెద్దావిడ కళ్ళు మూసుకుంది. అలిగిందనుకుంది నర్సు. అయినా ఒళ్ళు తుడిచి, మెల్లగా పక్కకి తిప్పి, వీపుకి పౌడరు రాసి, దుప్పటి ముడతల్లేకుండా లాగి మరీ వెళ్ళింది. ఎంత విసుగున్నా ఆ పనిలో మాత్రం ఆమె ఎవరికీ తక్కువ చెయ్యదు.

రెండింటికి డ్యూటీ దిగింది. అయిదు కొట్టగానే ఇంట్లో దరఖాస్తుని నాలుగు ముక్కలు చేసింది.

“ఇద్దరం కలిసి చదువుకుందామన్నావుగా అమ్మా?” అంది టెన్త్ చదివే కూతురు.

“నువ్వు చదువుకో. నాకు నడుం బెల్టు ఉందిగా,” అని నవ్వబోయి, భోరుమంది.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి తొమ్మిదో బెడ్ ఖాళీగా ఉంది. తెల్లవారుజామున పోయిందట. దిండుకి గలీబు తీసేశారు.

 ఆఖరిసారి విసుక్కున్నానే అనుకుంది నర్సు.

పెద్దావిడ చెల్లెలు స్టూలు మీద కూర్చుని ఉంది. చావు నమోదుకి నర్సు ఇచ్చిన కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇందులో తప్పుందమ్మా. వృత్తి అన్నచోట గృహిణి అని రాశారు. మా అక్క అసలు పెళ్ళే చేసుకోలేదు.”

ఆ గడి నింపింది నర్సే. చేర్చుకున్న రోజున, అడక్కుండానే. డెబ్భై దాటిన ఆడమనిషైతే గృహిణి అని రాసి పారెయ్యడం ఆ వార్డులో అందరికీ అలవాటు.

“పొరపాటైపోయిందండీ. ఏమని రాయమంటారు?”

“నర్సు అని.”

పెన్ను కోసం జేబులో పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“ఇదిగో, దీంతో రాయండి,” అంటూ చెల్లెలు తన చేతిలోని పెన్ను ఇచ్చింది. “నిన్న అక్కే తెప్పించుకుంది. పొద్దుట డ్యూటీ అమ్మాయికి సంతకం పెట్టాలట. కాగితం దూరం నుంచే గుర్తుపట్టిందట. నేను తెచ్చేసరికి ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. ‘పందొమ్మిది రోజులు చూశాను, పీజీ నాకూ ఉంది, చాలు’ అని ఒకటే మాట. చీకటి పడినా పెన్ను వదల్లేదు.”

నర్సు పాత మాట కొట్టేసి, పక్కన నర్సు అని రాసింది.

“ఇంతేనా… ఇంకేమైనా రాయాలా అండీ?” అని అడిగింది.

“ఇంకా రాస్తే ఆ గడి ఎక్కడ చాలుతుందమ్మా? ఉద్యోగాలు చేసుకునే నర్సులు చదువుకోవాలని ఆ పార్ట్‌టైం పీజీ పెట్టించిందీ, పని కళ్ళారా చూసినవాళ్ళే సంతకం పెట్టాలని పోట్లాడి దరఖాస్తులో ఆఖరి గడి చేర్పించిందీ మా అక్కే.”