లోపలి గడియ

"ఇది తుప్పు పట్టి ఊడింది కాదమ్మా. ఎవరో భుజంతో గుద్దారు," అన్నాడు వడ్రంగి, మేడమీద పడకగది గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని. పాత గడియ నాలుగు స్క్రూలతో, చెక్క పెచ్చుతో సహా వేలాడుతోంది.

"అందుకేగా కొత్తది పెట్టమంది. లోపలివైపు పెట్టు. గట్టిగా ఉండాలి," అంది పెద్దావిడ.

మంచం అంచున అమ్మాయి ఒదిగి కూర్చుంది. డ్రిల్లు మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతోంది. అది చూసి వడ్రంగి డ్రిల్లు పక్కన పెట్టి, స్క్రూలు చేత్తోనే తిప్పడం మొదలెట్టాడు.

"దొంగలా అమ్మా?"

"దొంగైతే బీరువా దగ్గరికి పోయేవాడు."

అతని చెయ్యి ఆగింది. అతనికీ ఇద్దరాడపిల్లలు.

"పోలీసులకి చెప్పలేదా?"

"వెళ్లాం. గంటసేపు నిలబెట్టి, 'దీనికి బలాత్కారం కేసు కట్టే సెక్షన్ లేదు, సర్దుకుపోండి' అన్నారు."

"వద్దు మొర్రో అంటున్నా తలుపు విరగ్గొట్టుకొచ్చినవాడితో సర్దుకుపోవడమేంటమ్మా!"

"వద్దంటే వద్దనే కదా," అంది అమ్మాయి నేలకేసి చూస్తూ. "ఆ చిన్నమాట అక్కడ ఒక్కరికీ అర్థం కాలేదు."

వడ్రంగికి ఒళ్లు మండింది. "వాణ్ణి కాదు, వాణ్ణి కన్నతల్లిని అనాలి!"

పెద్దావిడ అరచేతిలోని స్క్రూల్లోంచి ఒకటి ఏరి అందించింది.

"అను. కాదంటే ఆగాలని నేర్పని తల్లినే అనాలి."

అమ్మాయి లేచొచ్చి ఆవిడ భుజం పట్టుకుంది. ఆవిడ ఆ చేతిని నిమిరింది.

"లాయరమ్మ వేరే దారి చెప్పింది. కొట్టినందుకు కేసు పెట్టొచ్చట. వాడు ఈ గడప తొక్కకుండా కోర్టు ఉత్తర్వు అడుగుతానంది. రేపే వెళ్తున్నాం."

"మరి సాక్ష్యం?"

"నేను చెప్తా."

పని అయ్యింది. అమ్మాయి లోపల గడియ వేసుకుంది. పెద్దావిడ బయటినుంచి భుజం ఆనించి ఊపిరి బిగబట్టి తోసింది. తలుపు కదల్లేదు. లోపల్నుంచి, చాలా రోజుల తర్వాత కాబోలు, చిన్న నవ్వు వినిపించింది.

ఇంతలో వీధిలో బైకు ఆగింది. నవ్వు ఆగిపోయింది.

"వాడేనా?" అన్నాడు వడ్రంగి, లేచి నిలబడి.

"వాడే."

పెద్దావిడ కొంగు బిగించి తలుపుకి అడ్డంగా నిలబడింది. మెట్లెక్కి వచ్చినవాడు ఆవిడ ముఖంలోకి చూశాడు.

"అమ్మా, నా పెళ్లాం ఏదే?"