మెట్లెక్కే పరీక్ష

"పరీక్ష తేదీ మార్చుకుంటాను సర్," అంటూ జోవెలిన్ తన మాక్ టెస్టు కాగితం బల్ల మీద పెట్టింది. అడుగున యాభై రెండు శాతం అని ఉంది.

అసలు పరీక్ష వచ్చే మంగళవారం. తేదీ మార్చుకోవాలంటే ఆ సాయంత్రం ఐదింటితో గడువు సరి. మార్చుకుంటే మళ్ళీ ఖాళీ దొరికేది మూడు నెలలకి. విదేశంలో నర్సు ఉద్యోగం ఇస్తామన్న ఆసుపత్రి వాళ్ళేమో నెలాఖరు దాటితే ఆగేది లేదని చెప్పేశారు. రాసి తప్పితే ఆ ఉద్యోగం పోతుంది, రాయకపోయినా పోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. పైగా అద్దె గదిలో తనతో ఉండే రొడోరాకి మాక్ టెస్టులో తొంభై ఒకటి వచ్చాయి. ఇద్దరి డ్యూటీలూ వేరు కనుక వేరువేరు రోజుల్లో రాశారు. రొడోరా తెచ్చుకుని ఊరుకుందా, గోడమీది బల్లికి తప్ప అందరికీ చెప్పింది.

సర్ లియోన్ పాతికేళ్ళుగా ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరంలో నర్సులను ఈ పరీక్షకి తయారు చేస్తున్నాడు. కాగితం చూశాడు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"ఎన్ని వచ్చాయన్నది కాదు అమ్మాయ్, ఎలాంటి ప్రశ్నలకి వచ్చాయన్నది చూడాలి. ప్రశ్నలు ఎలా ఉన్నాయి?"

"చంపేశాయి సర్. పోనుపోను మరీ గడ్డు."

"మరదే. అసలు పరీక్షలాగే ఇదీ మెట్లెక్కే పరీక్ష. ఒకటి సరిగ్గా చెప్పావా, పై మెట్టు ప్రశ్న ఇస్తుంది. తప్పావా, కిందికి దింపుతుంది. అచ్చం అత్తగారి లెక్కే. చేసే కోడలికే చాకిరీ, చేతకాని కోడల్ని ఉల్లిపాయ కూడా తరగమనదు. ఎంత గొప్పవాళ్ళయినా ఏదో ఒక మెట్టు మీద సగం తప్పులు చేస్తారు. నువ్వు ఆగింది పై మెట్టు మీద. వెళ్ళి హాయిగా నిద్రపో."

జోవెలిన్ మూడు రోజుల్లో మొదటిసారి నవ్వింది. తిన్నగా వీధి చివరి దుకాణానికి వెళ్ళి, ఐదు దాటేదాకా ఫోను ముట్టుకోకుండా వేడివేడి బచ్చోయ్ నూడుల్స్ సూపు తింటూ కూర్చుంది. రెండు గిన్నెలు ఖాళీ చేసింది.

చీకటి పడే వేళకి రొడోరా ముఖం మాడ్చుకుని వచ్చింది. మెప్పు కోసం తన కాగితం కూడా సర్‌కి చూపించిందట. అది మెట్లెక్కేది కాదు, ఉత్త మామూలు పేపరు, దాంట్లో పిల్లాపీచూ అందరికీ తొంభై వస్తాయి, దాన్ని నమ్ముకుని పరీక్షకి పోతే మునుగుతావు అన్నాడట ఆయన.

"నా తొంభై ఒకటి కన్నా నీ యాభై రెండే మేలట," అంది పళ్ళు నూరుతూ.

"అంత అనుభవం ఉన్నాయన, ఊరికే అంటాడా," అంది జోవెలిన్ తేనె పూసినట్టు. పాపం అనుకోవలసిన చోట ఆమె కడుపు చల్లబడింది.

ఆ రోజు నుంచి రొడోరా పాటలు బంద్, కబుర్లు బంద్. పుస్తకంలోంచి తల ఎత్తితే ఒట్టు. జోవెలిన్ మాత్రం కంటినిండా నిద్రపోయింది. నెల రోజులుగా తలకెక్కని మందుల మోతాదులు, భయం వదలగానే ఒక్కొక్కటే వంటబట్టాయి. మంగళవారం తెర మీద కష్టమైన ప్రశ్న వచ్చినప్పుడల్లా, అమ్మయ్య, ఇంకో మెట్టు ఎక్కానన్నమాట అనుకుంటూ చివరిదాకా లాక్కొచ్చింది.

రొడోరా పరీక్ష ఆ మర్నాడు. ఇద్దరూ పాసయ్యారు.

శనివారం బిస్కోచో అనే తీపి రొట్టెముక్కల పొట్లం పట్టుకుని కోచింగ్ సెంటరుకి వెళ్ళారు. సర్ లియోన్ లోపల పాఠం చెబుతున్నాడు. బయట కంప్యూటర్ల దగ్గర ప్యూరా ఒక్కతే ఉంది. సెంటరు పెట్టిన నాటి నుంచి పిల్లల చేత మాక్ టెస్టులు రాయించి కాగితాలు తీసి ఇచ్చే పెద్దావిడ. ఆమె ముందు పొట్లం విప్పారు.

రొడోరాకి కడుపులో మంట ఇంకా పూర్తిగా చల్లారలేదు. "ప్యూరా అక్కా, ఇక మీదట అందరికీ ఆ మెట్లెక్కే పరీక్షే పెట్టండి. దీనికి అది పెట్టి నాకు ఉత్త పేపరు పెట్టారు, పరువు పోయింది," అంది.

జోవెలిన్ గర్వం కనబడకుండా తల దించుకుంది.

ప్యూరా బిస్కోచో కొరికి, ఒళ్ళో పడిన పొడి దులుపుకుంటూ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఈ ముసలి కంప్యూటర్లకి మెట్లెక్కేంత తెలివెక్కడిదే? మీ ఇద్దరికీ పెట్టింది ఒకటే పేపరు."