మూడో గేరు

"ఆ బండి మీద చెయ్యి తియ్యప్పా!"

జయంతి అరిచినా ముసలాయన బెదరలేదు. ఆయిల్ మూత విప్పి, లోపల వేలు ముంచి, ఎండకేసి పట్టి చూసుకుంటున్నాడు. పైకి ఎగ్గట్టిన పంచె, భుజాన తువ్వాలు. ఏ ఊరాయనో ఏమో!

గోరంట్ల బయట కొత్త బైపాస్‌కి ఇంకా బస్సులను వదల్లేదు. ఆలోపు ఒక ఆదివారం బైకు పందేలకు అనుమతి దొరికింది. నాలుగు వందల మీటర్ల తిన్నని రోడ్డు. ఒకసారికి ఇద్దరు. రెండు పక్కలా వానకు మొహం వాచిన చెనిక్కాయ చేలు, వాటి గట్ల నిండా జనం.

జయంతి ఫైనల్ దాకా వచ్చింది. పోటీ మడకశిర దేవేంద్రతో. నిరుడు తనకల్లులో, అంతకుముందు మడకశిరలో అతని చేతిలోనే ఓడింది. రెండుసార్లూ ముంచింది మూడో గేరే. సగం దూరం దాకా తనే ముందుంటుంది. అంతలో గేరు జారిపోతుంది, ఇంజను ఊరికే అరుస్తుంది, దేవేంద్ర చెయ్యూపుతూ దాటిపోతాడు. ఈసారి కూడా ఓడితే ఊర్లో తలెత్తుకునేదెట్లా అని పొద్దున్నుంచి ముద్ద మింగలేదు పాపం.

"మెకానిక్కువా పెద్దాయనా?"

"కాదు పాపా. గొర్రెలు కాసేటోన్ని."

"గొర్రెలోనికి గేర్లతో ఏం పని?"

ఆయన నవ్వి వేలు చూపించాడు. నల్లటి ఆయిల్లో సన్నగా ఏదో తళతళమంటోంది.

"ఇది ఏందనుకుంటాండావు? నీ గేరు పండ్లు. అరిగి పొడైనాయి."

జయంతి వంగి ఆ వేలిని దగ్గరగా చూసింది.

"క్లచ్ పట్టకుండా, యాక్సిలరేటర్ వదలకుండా, గేరును కాలితో తంతాండావు గదా?"

"అందరూ తన్నేది అట్లే గదప్పా!"

అదీ నిజమే. గేరు ఠప్పుమని మోగితేనే మొనగాడని ఈ చుట్టుపక్కల లెక్క. మోత మోతకూ ఈల పడుతుంది. మోగకపోతే సైకిలు తొక్కుకోపో అని ఎగతాళి చేస్తారు. ఆ ఈలల కోసమే జయంతి కూడా రెండేళ్లుగా ఆ గేరును తన్ని తన్ని పెట్టింది.

"ఇంజను గుంజుతాంటే పండ్లు ఒకదాన్నొకటి బిగబట్టుకోనుంటాయి పాపా. అప్పుడు తంతే మొనలు అరిగి గుండ్రంగా అయితాయి. ఇంక పట్టు యాడుంటాది? జారుతాది."

"క్లచ్ పడితే లేటయితాది."

"పట్టొద్దు. గేరు రాడ్ కింద కాలు ముందే ఆనిచ్చి పెట్టుకో. యాక్సిలరేటర్ రెప్పపాటు సడలిచ్చు, మళ్లా గుంజు. పండ్లు సడలినప్పుడు గేరు దానంతటదే ఎక్కుతాది. చప్పుడే రాదు."

"చప్పుడు రాకపోతే జనం నవ్వుతారు."

"నవ్వనీ. ఆ చివర్న ముందెవురుంటారో చూసుకో."

"ఇదంతా నాకెందుకు చెప్తాండావు?"

"ఒకనికి పదేండ్లుగా చెప్తాండా. వాని చెవికెక్కలా. నువ్వన్నా విను తల్లీ."

జయంతికి సగమే నమ్మకం. అయినా పక్కనున్న మట్టిదోవలో బండి తిప్పి చూసింది. మొదటిసారి ఠప్పుమంది. రెండోసారి కూడా అంతే. మూడోసారి ఏ చప్పుడూ లేదు. గేరు పడలేదేమో అనుకుంది. చూస్తే బండి ముందుకు ఉరుకుతోంది!

"అబ్బా!" అని పిచ్చిదానిలా నవ్వేసింది.

మైకులో ఇద్దరి పేర్లూ పిలిచారు. హెల్మెట్లు బిగించారు. జెండా పడింది.

దేవేంద్ర రెండో గేరు ఠప్పుమని మోగింది. జనం ఈలలతో ఊగిపోయారు.

జయంతి బండి కిక్కురుమనలేదు.

"గేరే మార్చలేదప్పా ఈ పాప!" ఎవరో అరిచారు. గట్ల మీద ఒకటే నవ్వులు.

ఇంక మూడో గేరు. కాలు ఆనించింది. చెయ్యి రవ్వంత సడలించింది. గుంజింది.

ఎక్కింది! జారలేదు!

పక్కనుంచి ఠప్పుమన్న మోత, ఆ వెంటనే ఇంజను గావుకేక. ఆ కేక జయంతికి బాగా తెలిసిందే. ఈసారి గేరు జారింది దేవేంద్ర బండిలో.

నాలుగు బండ్ల దూరంతో గీత దాటింది జయంతి.

ఇంకేముంది! నవ్వినవాళ్లే పరుగెత్తుకొచ్చి ఎత్తుకున్నారు. చెల్లెలు ఈశ్వరి మెడకు వేలాడి ఏడుస్తూ నవ్వింది. బంతిపూల దండ, చేతిలోకి మైసూరుపాకు డబ్బా, చెవులు పగిలేలా డప్పులు. ఇంత సంతోషం జయంతి పుట్టి బుద్ధెరిగాక ఎరగదు.

మొదటి ముక్క పెద్దాయనకే పెట్టాలనుకుంది. చూస్తే ఆయన లేడు.

"తువ్వాలేసుకున్న ముసలాయన యాడికి పోయినాడు?"

"ఏ ముసలాయన?" అంది ఈశ్వరి.

పేరన్నా అడగలేదే! చెయ్యి తియ్యప్పా అని కసురుకున్నది గుర్తొచ్చి జయంతి సిగ్గుతో చచ్చిపోయింది. మడకశిర దారిన పోయినాడని ఎవరో చెబితే, డబ్బాతో సహా బండెక్కి అటే పోయింది.

అరకిలోమీటరు పోయాక కనబడ్డాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, వంగి, ఆగిపోయిన బండినొకదాన్ని వెనకనుంచి తోస్తున్నాడు. బండి మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకున్నది దేవేంద్ర.

ఓడినోనికి కూడా సాయమేనా, ఎంత మంచోడప్పా అనుకుంటూ జయంతి డబ్బా మూత తీసింది.

అంతలో దేవేంద్ర వెనక్కి తిరిగి నవ్వుతూ అన్నాడు. "ఇంకొంచెం గట్టిగా తోయ్ నాయనా, ఇంట్లో అమ్మ ఎదురుచూస్తాంటాది... పదేండ్లుగా చెప్తాండే ఆ గేరు సంగతి మళ్లొకసారి చెప్పు, ఈసారి వింటాలే!"