వెర్నెల్ కారు ఆపిన పోలీసు

వెర్నెల్ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, వేళ్ళు కనబడేలా చాపింది. మిసిసిపీ ఎండకి కారు కాగిపోతోంది.

పోలీసు అద్దం దగ్గరికొచ్చి, "లైసెన్సు" అంది.

"సంచిలో ఉంది. కుడిచెయ్యి సంచిలో పెడుతున్నాను. పెట్టనా?"

"ఊఁ, త్వరగా."

"త్వరగా తీస్తే తుపాకీ అనుకుని కాల్చేస్తారు మీరు."

పోలీసుకి నవ్వాగలేదు.

"నవ్వకు," అంది వెర్నెల్. "ముందు నీ పేరు చెప్పు. ఎందుకు ఆపావో చెప్పు. తుపాకీ మీంచి ఆ చెయ్యి తియ్యి. వెనక్కి పోయి మొదట్నుంచి రా."

"ఇంకెన్నిసార్లే అమ్మమ్మా! కోళ్ళు కూడా నవ్వుతున్నాయి."

మనవరాలు షానిటా కొత్త యూనిఫారం చెమటకి వీపుకి అంటుకుపోయింది. సోమవారం పోలీసు ఉద్యోగంలో చేరాలి. ఆ మాట ఎత్తితేనే ముఖం తిప్పుకునే అమ్మమ్మ, ఇవాళ పొద్దున తనే వచ్చి పెరట్లో కారెక్కి కూర్చుంది.

"పోలీసు ఆపితే ఎలా కూర్చోవాలో ఈ ఊళ్ళో నల్లపిల్లలందరికీ నేర్పాను," అంది వెర్నెల్. "ఎలా ఆపాలో నేర్పడానికి మాత్రం ఇన్నాళ్ళూ ఒక్క పోలీసూ దొరకలేదు. పో, మెట్ల దగ్గర్నుంచి మళ్ళీ రా."