మోహన పేరు

కోడలు మోహన వేలూరు బ్యాంకు నుంచి గుడియాత్తం ఇంటికి వచ్చీరాగానే, నేను నేస్తున్న లుంగీ మీద క్రెడిట్ కార్డు ఫారం పెట్టింది. నేను దాన్ని పక్కకు తోశాను.

"వద్దమ్మా. కార్డు చేతిలో ఉంటే ఖర్చు ఆగుతుందా? మళ్లీ అప్పులోళ్లు వాకిట్లోకి వస్తారు."

"మరి రెండో మగ్గానికి లోను యాడ ఇస్తారత్తా? పాత లోను వల్ల బ్యాంకుల దగ్గర నా పేరు చెడిపోయి ఉండాది. పదివేలు డిపాజిట్ పెట్టి ఈ కార్డు తీసుకోని, నెలనెలా తప్పకుండా కడితే ఏడాదిలో పేరు బాగుపడుతుందని మేనేజరు చెప్పినాడు."

"చెడిపోయేదానికి మనమేమన్నా ఎగ్గొట్టినామా? నీ పేరున తీసుకున్న ఆ ఆడోళ్ల సంఘం లోను వారం వారం నా చేత్తోనే కట్టినాను. పైసా బాకీ లేదు. ఎవరో కిట్టనోళ్లు తప్పు రాసినారు. వాళ్ల చెయ్యి పడిపోను!"

మోహన నా పక్కన కూర్చుంది.

"అట్ల తిట్టొద్దత్తా. లోనోళ్లు వసూలుకి వచ్చేది శుక్రవారం. శుక్రవారం లక్ష్మిని బయటికి పంపకూడదని మీరు శనివారం సంఘం లీడరింటికి పోయి కట్టినారు. రెండేళ్లూ ప్రతి కంతూ ఒకరోజు ఆలస్యమని రాసి ఉండాది."

నేను మగ్గం ఆపేశాను.

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే మీరు నిద్రపోతారా?"

ఫారం నేనే ఆమె ముందుకు జరిపాను. మోహన సంతకం పెట్టింది.

కార్డు బిల్లు తేదీ శుక్రవారం వస్తే, ముందు రోజే కట్టనిస్తారా అని అడగాలనిపించింది. ఆమె మొహం చూసి నోరు మూసుకున్నాను.