పేరు లేని కాగితాలు

1967లో ఆత్మారాం బోధన్ దగ్గర ఒక చిన్న క్షయ ఆసుపత్రిలో గుమాస్తా. ఆ ఏడాది చనిపోయిన నలభైమంది రోగుల కేసు షీట్లకు నకళ్ళు రాసి, పరిశోధన కోసం హైదరాబాదు పంపాల్సి వచ్చింది. “పేర్లు రాయకు. మిగతాదంతా దించు,” అని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు. పొద్దున బస్సుకే పంపాలి. చీకటి పడ్డాక కూడా ఆత్మారాం లాంతరు ముందు ఒక్కడే కూర్చుని రాస్తున్నాడు.

పదకొండో కాగితం పూర్తవుతుండగా కిటికీ అవతల గాజులు గలగలమన్నాయి.

“అన్నా, గా కాయిదంల ఏం రాసినవ్? జర సదువు.”

ఎవరో రోగి తాలూకు మనిషి అనుకున్నాడు. తల ఎత్తకుండానే చదివాడు. “ఆడమనిషి, నలభై ఏళ్ళు. ఊరు రుద్రూర్. గాజులు అమ్ముతుంది.”

“మా ఊర్ల గాజులమ్మేదాన్ని నేనొక్కదాన్నే గదా! పేరు రాయకుంటేంది, అందరికి ఎరుకైతది. రేపు నా బిడ్డ చేతి నీళ్ళు ఎవలు తాగుతరు?”

ఆత్మారాం కలం ఆగిపోయింది. కిటికీ వైపు చూసే ధైర్యం చాలలేదు. ఊరు కొట్టేశాడు. గాజుల మాటా కొట్టేశాడు.

“కొట్టేసిన, అక్కా.”

“సల్లంగుండు అన్నా.”

గాజుల చప్పుడు దూరమైంది. చాలాసేపటికి గాని అతనికి పన్నెండో కాగితం తీయడానికి చేయి రాలేదు.

కిటికీ దగ్గర ఎవరో మెల్లగా దగ్గారు.

“నాది గూడ జర సదువు, అన్నా,” అంది ఒక మగగొంతు. దాని వెనక, చీకట్లో, చాలా పాదాలు ఒక్క అడుగు ముందుకు జరిగిన చప్పుడైంది.